కేసు కొట్టేస్తే దారి మూసుకుపోయినట్టేనా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పోలీసులు అకారణంగా అరెస్టు చేశారని మా అన్నయ్య లాయర్ లేకుండానే రాష్ట్రం మీదా, నగరం మీదా ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. జడ్జి కొట్టేశారు. ఇక ఆశ లేదా?

జవాబు: అధైర్యపడకండి. ముందు ఉత్తర్వు చివరి పేరా చూడండి. ‘వితౌట్ ప్రెజుడిస్’ అని ఉంటే లోపాలు సరిదిద్ది మళ్లీ వేయొచ్చు. అయితే న్యూజెర్సీలో ఇలాంటి దావాలకు కాలపరిమితి రెండేళ్లే. ‘విత్ ప్రెజుడిస్’ అయితే ప్రధానంగా అప్పీలే దారి. తీర్పు నమోదైన 30 రోజుల్లోగా అప్పీలు నోటీసు వేయాలి.

సొంతంగా వాదించుకునేవారి పిటిషన్‌ను ఉదారంగా చదవాలని అమెరికా సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. అయినా రాష్ట్రానికి 11వ రాజ్యాంగ సవరణ రక్షణ ఉంది కాబట్టి, దాని నుంచి పరిహారం రాబట్టడం సాధారణంగా కుదరదు. నగరానికి ఆ రక్షణ లేదు. కానీ 1978 నాటి మోనెల్ తీర్పు ప్రకారం, నగర విధానం వల్లో, పాతుకుపోయిన అలవాటు వల్లో అన్యాయం జరిగిందని చూపాలి. ‘నన్ను వేధించారు’ అంటే చాలదు. ఏ తేదీన, ఎక్కడ, ఏ అధికారి ఏం చేశాడో వరుసగా రాయాలి. ఆ అధికారిని వ్యక్తిగతంగా ప్రతివాదిగా చేర్చొచ్చు.

ఈ వారమే ఉత్తర్వు పట్టుకుని లీగల్ ఎయిడ్ లాయర్‌ను కలవండి. గడువు దాటితే న్యాయం మీ వైపున్నా వినేవారుండరు.