కంటికి కనబడే సమాచారం

తీగలో పారే కరెంటు కంటికి కనబడదు. కంప్యూటర్ల మధ్య పారే సమాచారమూ అంతే. దాన్ని కనబడేలా చేయగలమా?

1995లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి చేసి చూపారు. సీలింగుకు చిన్న మోటారు బిగించి, ఎనిమిదడుగుల ప్లాస్టిక్ తాడు వేలాడదీసి, మోటారును నెట్‌వర్క్ తీగకు కలిపారు. సమాచారం తక్కువగా పారితే తాడు అప్పుడప్పుడు ఉలిక్కిపడేది. ఎక్కువైతే గిర్రున తిరుగుతూ రొద చేసేది.

ఇది ఉత్త ఆటేనా? రేవుల్లో తుపాను సూచికలూ ఇదే పద్ధతి కదా! వాతావరణశాఖ లెక్కగట్టిన ప్రమాదం పగలు శంకువులుగా, రాత్రి దీపాలుగా స్తంభమెక్కుతుంది. జాలరి తలెత్తి చూస్తే చాలు.

మాది పెందుర్తి దగ్గర వ్యవసాయ కుటుంబం. మా నాన్న సెల్‌ఫోన్‌లో అంకెలు చూడడు, మబ్బును చూస్తాడు. రేపటి వాన లెక్క రచ్చబండ దగ్గర ఒక తాడై ఊగితే, కోసిన పనలు తడవకముందే కుప్ప వేసుకుంటాడు. సైన్సు విద్యార్థులం మనం తలపెట్టదగ్గ పని ఇది.