పెంపుడు కుక్కలున్న ఇంట కొత్త కుక్కను చేర్చుటలో మెళకువలు

పొలానికీ, పశువుల పాకకూ కాపలాగా రైతు కుటుంబాలు ఊరకుక్కలను చేరదీయడం పరిపాటి. ఇంట ఇదివరకే కుక్కలున్నప్పుడు కొత్తదానిని నేరుగా వాకిట వదిలితే కొట్లాట జరిగి, అది తిరిగి వీధిపాలయ్యే అవకాశముంది. చేతులతో విడదీయబోయినవారు కాటుకు గురవుతారు.

వేరుగా ఉంచడం: పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధుల దృష్ట్యా కొత్త కుక్కను రెండు వారాలు వేరుగా ఉంచి, పశువైద్యునిచే పరీక్ష చేయించి, నట్టల నివారణ మందు, టీకాలు ఇప్పించాలి. రేబిస్ లక్షణాలు బయటపడటానికి నెలలు పట్టవచ్చు; కనుక రెండు వారాలు ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన ఆ వ్యాధి లేదని భావించరాదు. పాత కుక్కలకూ రేబిస్ టీకా తప్పనిసరి. ఎవరికైనా కాటు పడితే గాయాన్ని సబ్బు, నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుని సంప్రదించాలి.

పరిచయం: గడువు ముగిశాక, ఏ కుక్కా తనదిగా భావించని బయటి స్థలంలో, పాత కుక్కలను ఒక్కొక్కటిగా పరిచయం చేయాలి. ఇద్దరు వ్యక్తులు గొలుసులను వదులుగా పట్టుకొని, రెండింటినీ ఎడంగా ఒకే దిశలో నడిపిస్తూ క్రమంగా దగ్గర చేయాలి. శరీరం బిగుసుకోవడం, తదేకంగా చూడటం, మెడ రోమాలు నిక్కబొడుచుకోవడం కనిపిస్తే తిరిగి దూరం పెంచాలి.

ఇంటిలో: తిండి గిన్నెలు, పడక స్థలాలు వేర్వేరుగా ఉండాలి. తొలి వారాలలో ఎవరూ లేనప్పుడు వాటిని కలిపి వదలరాదు. గుర్రుమన్న కుక్కను దండించరాదు. అది హెచ్చరిక మాత్రమే. దానిని అణచివేస్తే మరుసారి హెచ్చరించకుండానే కరిచే ప్రమాదముంది.