రైలు పట్టణం నుండి సాలవనానికి
బిలాస్‌పూర్ విశ్రాంత ఉద్యోగుల వనయాత్ర

చత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ నగరానికి రైల్వేతో గల సంబంధం నూరేళ్లకు పైబడినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1891 నాటికి నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు వేసిన ప్రధానమార్గంపై ఈ ఊరు ముఖ్యమైన కూడలి అయినది. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. 1902లో కటక్, వాల్తేరుల నడుమ గల తీరమార్గం కూడా ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. దానితో ఉత్తరాంధ్రవాసులకు రైల్వే కొలువులు అందుబాటులోకి వచ్చాయి. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం పూర్తికాగా రాకపోకలు మరింత సులభమైనాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

రైల్వే ఉద్యోగి జీవితమంతా ప్రయాణికులను గమ్యం చేర్చడంలోనే గడుస్తుంది. తాను తీరికగా ప్రయాణించే అవకాశం అతనికి తరచుగా పదవీవిరమణ తరువాతనే కలుగుతుంది. నిర్ణీత సేవాకాలం పూర్తిచేసినవారికి విరమణానంతరం కూడా ఉచిత ప్రయాణపు పాసులు లభిస్తాయి. కాశీ, రామేశ్వర యాత్రలు ఎటూ ఉన్నవే. అయితే బిలాస్‌పూర్ వాసికి ఇంటి ముంగిటనే మరొక యాత్రాస్థలం కలదు. అది మైకల్ కొండల అరణ్యం.

పట్టాల క్రింది అడవి

బిలాస్‌పూర్ నుండి కట్నీ వెళ్లే రైలు ఖోంగ్‌సరా, భన్వర్‌టంక్ స్టేషన్లు దాటి ఘాట్ మార్గంలో కొండలెక్కుతుంది. పెండ్రా రోడ్ స్టేషనులో దిగితే నర్మద జన్మస్థానమైన అమర్‌కంటక్ చేరవచ్చు. ఇంకా ముందుకు సాగి ఉమరియాలో దిగితే బాంధవ్‌గఢ్ జాతీయోద్యానం సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

ఈ కొండలలో ప్రధానవృక్షం సాల. తెలుగువారు దీనినే గుగ్గిలం చెట్టు అంటారు. దీని కలప గట్టిది, బరువైనది, తేమకు త్వరగా చెడనిది. అందువల్ల భారతదేశంలో రైలుపట్టాల క్రింద పరచిన కొయ్య స్లీపర్లకు సాల, టేకు, దేవదారు వృక్షాలే ముఖ్యాధారాలైనాయి. రైలుమార్గం అడవిని చేరువ చేసింది. అడవి నుండి ఎంతో తీసుకొన్నది కూడా. దాదాపు అదే కాలంలో ప్రభుత్వం పోడు వ్యవసాయాన్ని నిషేధించి, 1890లో బైగా గిరిజనులకు 'బైగా చక్' అనే పరిమిత ప్రాంతాన్ని మాత్రమే కేటాయించినది. రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవారు ఈ చరిత్ర ఎరిగి అడవిలో అడుగుపెట్టడం సముచితం.

మూడు వనాలు, ఒకే అరణ్యం

బిలాస్‌పూర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో గల అచానక్‌మార్ 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడినది. దీని విస్తీర్ణం సుమారు 914 చదరపు కిలోమీటర్లు. అచానక్‌మార్ - అమర్‌కంటక్ జీవావరణ మండలానికి 2012లో యునెస్కో జాబితాలో స్థానం లభించినది.

ఈ అరణ్యానికి పశ్చిమంగా కాన్హా, ఉత్తరంగా బాంధవ్‌గఢ్ ఉన్నాయి. కాన్హా 1955లో జాతీయోద్యానమైనది. 1970 ప్రాంతంలో అక్కడ మిగిలిన బారాసింగా జింకలు 66 మాత్రమే. క్రూరమృగాలు చొరరాని కంచెలు కట్టి, గడ్డిమైదానాలను పెంచి ఆ జాతిని కాపాడినారు. 1968లో జాతీయోద్యానమైన బాంధవ్‌గఢ్‌లో అడవిదున్నలు అంతరించిపోగా, 2011లో కాన్హా నుండి తెచ్చి అక్కడ విడిచిపెట్టినారు. 2018లో చత్తీస్‌గఢ్ వైపు నుండి సుమారు 40 ఏనుగులు తమంతట తాము బాంధవ్‌గఢ్ చేరి అక్కడనే నిలిచిపోయినాయి. రాష్ట్రాల సరిహద్దులు వాటికి పట్టవు. ఈ వనాల నడుమ చెట్లు తెగిపోకుండా ఉన్నంతవరకే వాటి రాకపోకలు సాగుతాయి.

వనవాసుల మాట

జంతువుల రక్షణకు మనుష్యులు కూడా మూల్యం చెల్లించినారు. కాన్హాలో సోంఫ్ వంటి గ్రామాలు తరలిపోయిన తరువాత ఆ పొలాలు గడ్డిమైదానాలై జింకలకు ఆశ్రయమైనాయి. అచానక్‌మార్ నుండి 2009లో ఆరు గ్రామాలను వెలుపలికి తరలించినారు. పులి కనిపించలేదని విసుగు చెందే యాత్రికుడు, తాను చూస్తున్న పచ్చిక ఒకనాడు ఎవరి పొలమో ఆలోచించవలసి ఉన్నది.

తెలుగువారికి ఈ వనవాసులు పూర్తిగా పరాయివారు కారు. గోండుల మాతృభాష తెలుగు ఉన్న ద్రావిడ శాఖకే చెందినది. మన రెండు, మూడు, నాలుగు గోండిలో 'రండ్, ముండ్, నాలుంగ్' అని వినిపిస్తాయి. అయితే ఈ ప్రాంతపు గోండులలో పలువురు నేడు హిందీ, చత్తీస్‌గఢీ భాషలు మాట్లాడుతున్నారు. నల్లమలలోని చెంచుల సమస్యలు తెలిసినవారికి బైగాల సమస్యలు వేరుగా వివరించనక్కరలేదు.

అడవికి వచ్చిన విశ్రాంత ఆచార్యుడొకరు ఈ ప్రాంతంలో చిరస్మరణీయులైనారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించిన ప్రభుదత్ ఖేరా 1980 దశకంలో ఇక్కడికి వచ్చారు. తరువాత రాజధానిని విడిచి అచానక్‌మార్‌లోని లమ్నీ గ్రామంలో చిన్న ఇంట నివసించినారు. తమ పింఛను వెచ్చించి బైగా బాలబాలికలకు చదువు చెప్పించినారు. సమీపంలోని ఛపర్వాలో వారి కొరకు పాఠశాల నడిపినారు. 2019 సెప్టెంబరులో మరణించే వరకు వారి జీవితం ఆ అడవిలోనే గడిచినది. అందరూ అంతటి త్యాగం చేయలేరు. కాని చూడవచ్చినచోట మనుష్యులను పలకరించి, వారికి తనవల్ల ఏమి ఉపకారమో యోచించడం ఎవరికైనా సాధ్యమే.

యాత్రకు వెళ్లేవారికి

కాన్హా, బాంధవ్‌గఢ్‌లలో ప్రధాన అటవీభాగం జూలై మొదలు సెప్టెంబరు నెలాఖరు వరకు మూసివేయబడుతుంది. ప్రవేశపత్రాలు ముందుగానే తీసుకొనవలెను. శీతకాలపు ఉదయాన పైకప్పులేని జీపులో చలి తీవ్రంగా ఉంటుంది. కంబళి, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. గతుకుల బాట నడుమునొప్పి గలవారికి బాధాకరం. వారు అమర్‌కంటక్ వంటి నెమ్మది యాత్రను ఎంచుకొనవచ్చును. నిత్యం వాడే మందులు వెంట ఉంచుకొనవలెను. అడవిలో బిగ్గరగా మాట్లాడరాదు, కోతులకు ఆహారం పెట్టరాదు, ప్లాస్టిక్ సంచులు పారవేయరాదు.

తిరిగివచ్చిన పెద్దలు తాము చూసిన చెట్లను, పక్షులను, విన్న మాటలను ఒక పుస్తకంలో వ్రాసి సమీప పాఠశాలకు ఇవ్వవచ్చును. ఉపాధ్యాయులు అట్టివారిని తరగతికి పిలిచి మాట్లాడించవచ్చును. రైలు నడిపిన చేతులు, సిగ్నలు చూసిన కళ్లు ఎరిగిన దేశం పెద్దది. ఆ అనుభవం పిల్లలకు అందితే, అడవిని కాపాడే పనికి రేపటి తరం నుండి సహాయం లభించగలదు.