హార్స్‌పవర్ అడిగే ముందు తాడు లాగి చూడండి

ఆరుద్ర వానలు పడగానే శంషాబాద్ మండలంలోని చెల్కల్లో తుంగ, గరక, గునుగు ఒకదాన్ని మించి ఒకటి లేస్తాయి. నర్కుడ, కవ్వగూడ, సుల్తాన్‌పల్లి, పాల్మాకుల వైపు ఆకుకూరలు, టమాటా, బంతి వేసేవాళ్లకు ఊపిరాడని రోజులివి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు కలుపు తీయకపోతే, ఆ తర్వాత ఎంతమంది కూలీలను పెట్టినా పంట తేరుకోదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక చాలా ఇళ్లలో పిల్లలు షిఫ్టు డ్యూటీలకు, గోదాముల పనికి పోతున్నారు. చేను చూసుకునేది అరవై దాటిన పెద్దవాళ్లు, ఇంటి ఆడవాళ్లు. సెలవునాడు కొడుకు రాణిగంజ్ పోయి ఒక యంత్రం తెస్తాడు. అతను తాడు గుంజితే వెంటనే స్టార్టవుతుంది. అతను డ్యూటీకి పోయిన మర్నాటి నుంచి అది కొట్టంలోనే ఉంటుంది. డబ్బులు పోయాయి, కలుపు పోలేదు.

అందుకే ఈ పక్షం నేను చెప్పదలచింది ఒక్కటే. యంత్రం ఎవరు నడుపుతారో వాళ్లే దుకాణానికి వెళ్లాలి, వాళ్ల చేత్తోనే స్టార్ట్ చేసి చూడాలి. అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు. మీరు వెళ్లేసరికే ఒకసారి నడిపి ఉంచిన ఇంజను తేలిగ్గా అందుకుంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి. ఆపాక మళ్లీ మీరే స్టార్ట్ చేయండి. మూడు నాలుగు గుంజులకే భుజం పట్టేస్తే, ఆ యంత్రం ఎంత మంచిదైనా మీది కాదు.

తాడు ఎందుకు బరువుగా వస్తుందో తెలిస్తే బేరం సులువవుతుంది. తాడు లాగినప్పుడు లోపల పిస్టన్ గాలిని నొక్కాలి, ఆ నొక్కుడే మన చేతికి ఎదురు తిరుగుతుంది. డీజిల్ ఇంజనులో గాలిని పెట్రోల్ ఇంజను కన్నా రెండింతలకు పైగా బిగించి నొక్కాలి. అందువల్ల డీజిల్ పవర్ వీడర్‌ను తాడుతో లేపడం బలమున్న కుర్రాడికే కష్టం. డీజిలే కావాలంటే సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదే తీసుకోండి. కొన్నింటికి పైన డీకంప్రెషన్ మీట ఉంటుంది. దాన్ని వాడి తాడు గుంజితే మొదట్లో గాలి బయటికి పోయి ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. అదున్నా సరే, నడుంనొప్పి ఉన్నవాళ్లకు నేను డీజిల్ చెప్పను. చిన్న ఫోర్‌స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి, మొదట్లో గాలిని వదిలే ఆ పని దానంతటదే జరిగే ఏర్పాటు లోపలే ఉంటుంది. కొన్ని కంపెనీల బ్రష్ కట్టర్లకు స్టార్టర్‌లో అదనపు స్ప్రింగు ఉంటుంది, మెల్లగా లాగినా శక్తిని దాచుకుని అదే ఇంజనును తిప్పుతుంది. ‘ఈజీ స్టార్ట్ ఉందా, లేదా’ అని నోరు తెరిచి అడగండి.

అన్నిటికన్నా తేలిక బ్యాటరీది. బటన్ నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. పది ఇరవై గుంటల్లో కూరగాయలు పండించేవాళ్లకు, గట్లు శుభ్రం చేసుకునేవాళ్లకు నా మొగ్గు దీనివైపే. అయితే బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మీరే లెక్క కట్టుకోవాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చించండి. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 144 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. దట్టమైన గడ్డి కోసేటప్పుడు మోటారు 500 వాట్లు లాగిందనుకుంటే పావుగంట దాటి కాస్త నడుస్తుంది, అంతే. కాబట్టి రెండో బ్యాటరీ ధర కూడా కలిపి చూసుకోండి. మామిడి, జామ కొమ్మలు కత్తిరించే బ్యాటరీ కత్తెర మాత్రం చాలాసేపు పనిచేస్తుంది. వేళ్ల కీళ్లు నొప్పిపెట్టేవాళ్లకు అది నిజంగా వరం. వైరు పెట్టి కరెంటుతో నడిపేవి తడి చేలో వద్దు, ఎంత చవకైనా వద్దు.

స్టార్ట్ చేయగలిగినంత మాత్రాన సరిపోదు, మోయగలగాలి, తిప్పగలగాలి. 7 హెచ్‌పీ పవర్ వీడర్ సాలు చివర మలుపు తిరిగేటప్పుడే అసలు బలం అడుగుతుంది. రివర్స్ గేరు లేనిదాన్ని కొనొద్దు. బ్రష్ కట్టర్‌కే వీడర్ పళ్లు తగిలించి రెండు పనులకూ వాడుకోవచ్చంటారు. రాళ్లున్న ఎర్ర చెల్కలో ఆ పళ్లు చేతిని వెనక్కి తన్నుతాయి, భుజం బాగాలేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. బ్రష్ కట్టర్‌ను గట్ల మీద వయ్యారిభామ పూతకు రాకముందు కోయడానికి వాడండి. రెండు భుజాలకూ పట్టీ, కళ్లకు అద్దాలు ఉండాలి. పదిహేను మీటర్ల లోపు మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు.

మందు కొట్టే పంపు సంగతి. తైవాన్ స్ప్రేయర్‌ను వీపున వేసుకుని తాడు గుంజొద్దు, గట్టు మీద పెట్టి స్టార్ట్ చేసి ఎత్తుకోండి. చేతితో కొట్టే పంపు బదులు బ్యాటరీ స్ప్రేయర్ మంచిదే కానీ, 16 లీటర్లూ నింపితే పంపు బరువుతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. పది లీటర్లే పోసుకోండి, మందు మోతాదు ఆ పదికే లెక్కేయండి. ఇంకో తడవ తిరగాల్సివస్తే తిరగండి. డ్రోన్‌తో కొట్టించుకుందామనే ఆలోచన చాలామందికి వస్తోంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయడం నేరం, ఎంత తక్కువ ఎత్తులోనైనా సరే. శంషాబాద్ మండలంలో చాలా చేన్లు ఆ గీత లోపలే ఉన్నాయి. డ్రోన్ తెచ్చేవాళ్లు అనుమతి పత్రం చూపిస్తేనే చేలో అడుగు పెట్టనివ్వండి.

నిన్నటిదాకా తేలిగ్గా స్టార్టయిన యంత్రం మొండికేసిందంటే ముందు పెట్రోలునే అనుమానించండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, వానాకాలం గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. టూస్ట్రోక్‌కు ఆయిల్ కలిపిన పెట్రోల్ నెలకు మించి దాచొద్దు. లీటరుకు 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా అన్నది యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి కలపండి. ఎక్కువైతే ప్లగ్గు మసిబారి తాడు గుంజుళ్లు పెరుగుతాయి. కొన్నాళ్లు వాడనప్పుడు పెట్రోల్ తీసేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. స్టార్ట్ చేసేటప్పుడు యంత్రాన్ని నేల మీద ఆనించి, గట్టిగా తగిలేదాకా తాడును మెల్లగా లాగి, అక్కడి నుంచి పొట్టిగా, వేగంగా గుంజాలి. చివరిదాకా లాగొద్దు, వదిలేసి కొట్టుకోనివ్వొద్దు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంజనుదైనా బ్యాటరీదైనా డాక్టరును అడిగాకే ముట్టుకోవాలి. హెర్నియా ఆపరేషన్ అయినవాళ్లకూ ఇదే మాట. అలాంటప్పుడు కొనడం కన్నా, నడిపే మనిషితో సహా అద్దెకు తెచ్చుకోవడమే తెలివి. అద్దె గంటకా, ఎకరాకా అన్నది ముందే మాట్లాడుకోండి.

కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు, సన్నకారు, చిన్నకారు రైతులకు పరిమితికి లోబడి ధరలో 50 శాతం, మిగతావారికి 40 శాతం దాకా రాయితీ ఉంది. ఆడవాళ్లే నడుపుతున్నప్పుడు, భూమి వాళ్ల పేరున ఉంటే దరఖాస్తు కూడా వాళ్ల పేరుతోనే పెట్టండి. ఏ యంత్రాలు జాబితాలో ఉన్నాయో, ఈ ఏడాది నిధులున్నాయో లేదో రైతు వేదికలో మీ ఏఈవోను కొనకముందే అడగాలి, కొన్నాక రాయితీ అడిగితే కష్టం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ఉంది. మీరు చూస్తున్న యంత్రానికి పరీక్ష నివేదిక ఉంటే దుకాణదారును చూపించమనండి. బరువు ఎంతో, పిడి దగ్గర అదురు ఎంతో అందులో వెతకండి. వెళ్లేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు వెంట ఉంచుకోండి.