ఆ సంతకం ఎవరు పెట్టాలి?

గర్భసంచి తీయించుకోవాలా వద్దా అని అడగడానికి ఎవరూ వకీలు దగ్గరికి రారు. తీసేశాకే వస్తారు. అప్పటికి చేతిలో ఒక బిల్లు, ఒక స్కానింగ్ రిపోర్టు, నాలుగు మందుల చీటీలు ఉంటాయి. ఏం జబ్బని చెప్పారమ్మా అంటే, "సంచి పాడైపోయిందన్నారు, ఉంచితే క్యాన్సర్‌కు తిరుగుతుందన్నారు" అంటారు. కాగితాల మీద సంతకం ఎవరు పెట్టారంటే, "మా ఇంటాయన పెట్టాడు" అంటారు. ఆపరేషన్ జరిగిన మనిషికి ఎవరైనా విడమరిచి చెప్పారా అంటే మాత్రం జవాబు ఉండదు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ సంగతి మాట్లాడుకోవడం మరీ అవసరం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం చూస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. వీటిలో తప్పనిసరై చేసిన ఆపరేషన్లు ఉన్నాయి, ప్రాణం నిలబెట్టినవీ ఉన్నాయి. డాక్టర్లందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక సంచితో పనేముంది" అన్న ఒక్క మాటతో ముప్పై అయిదేళ్ల మనిషిని థియేటర్‌లోకి పంపడం మాత్రం వైద్యం అనిపించుకోదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా మీద పడుతుంది, ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయి, ఎముకల బలం తగ్గుతుంది. ఆ భారం మోయాల్సింది ఆమె. కాబట్టి ముందుగా తెలియాల్సిందీ ఆమెకే.

పెద్ద డాక్టరుగారు చెప్పారు, మనకేం తెలుసు, అడిగితే ఏమనుకుంటారో. మన ఇళ్లలో డాక్టరుకిచ్చే గౌరవం తరచూ ఈ రూపంలోనే ఉంటుంది. చట్టం మాత్రం ఈ మౌనాన్ని సమ్మతి కింద లెక్కవేయదు.

దీన్ని తేటతెల్లం చేసిన తీర్పు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకామె 1995లో రక్తస్రావం ఆగడం లేదని ఒక క్లినిక్‌కు వెళ్లింది. లాపరోస్కోపీ పరీక్ష చేసి చూద్దామన్నారు. ఆమె ఒప్పుకుంది, మత్తు ఇచ్చారు. పరీక్ష జరుగుతుండగానే సహాయక డాక్టరు బయటికి వచ్చి, అక్కడ కూర్చున్న ఆమె తల్లి దగ్గర సంతకం తీసుకున్నారు. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మెలకువ వచ్చాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆమె ఫిర్యాదును కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది.

కోర్టు చెప్పింది ఇది: వయసు వచ్చి, తన మంచిచెడ్డలు తనకు తెలిసిన మనిషి ఒంటి మీద నిర్ణయం ఆ మనిషిదే. ఆమె తాత్కాలికంగా మత్తులో ఉంది, ప్రాణం మీదికి ఏమీ రాలేదు, మెలకువ వచ్చేదాకా ఆగి అడగవచ్చు. అలాంటప్పుడు తల్లి సంతకం చెల్లదు. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన వైద్యానికి ఒప్పుకున్నట్టు కాదు. ఒక ఆపరేషన్‌కు ఇచ్చిన సమ్మతి ఇంకో ఆపరేషన్‌కు పనికిరాదు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని కోర్టు ఒప్పుకుంది. అయినా ఆ ఆపరేషన్‌కు ఫీజు తీసుకునే హక్కు లేదంది, 25,000 రూపాయలు పరిహారం ఇమ్మంది. ఆమె కోల్పోయినదాని ముందు ఆ మొత్తం చాలా చిన్నదని నా అభిప్రాయం. కానీ సూత్రం మాత్రం అప్పటి నుంచి దేశమంతటా వర్తిస్తోంది.

తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది? భర్తకు చెప్పడం, ఇంట్లో అందరూ కలిసి ఆలోచించుకోవడం మంచిదే. ఆమె సంతకానికి బదులుగా ఆయన సంతకం పెట్టడం కుదరదు. చదువు రాకపోతే విషయమంతా చెప్పి, సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. గర్భస్రావం విషయంలోనూ ఇంతే. 1971 నాటి చట్టం ప్రకారం వయోజనురాలైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త అనుమతి అడగాల్సిన పని లేదు.

సంతకానికి ముందు డాక్టరు ఏం చెప్పాలో కూడా ఆ తీర్పులోనే ఉంది. ఏ ఆపరేషన్, ఎందుకు, దానివల్ల మేలెంత, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే దారులున్నాయా, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది. ఈ చివరి రెండు ప్రశ్నలే మన ఆసుపత్రుల్లో ఎక్కువగా మరుగున పడిపోతున్నాయి. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం ఉంది, ఫైబ్రాయిడ్ గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. మీకు ఏది నప్పుతుందో తేల్చాల్సింది డాక్టరే. ఇవి ఉన్నాయని మీకు చెప్పే బాధ్యత కూడా డాక్టరుదే. ఆరోగ్యశ్రీలోనో ఎన్టీఆర్ వైద్య సేవలోనో ఉచితంగా చేస్తున్నారని ఈ నియమం మారదు.

ఇక ఆ ఫారం. అయిదారు పేజీల ఇంగ్లిష్ కాగితాలు ఇచ్చి, ఇంటూ గుర్తు పెట్టినచోట సంతకాలు చేయమంటారు. చేరే రోజునే అన్నిటికీ కలిపి తీసేసుకునే చోట్లూ ఉన్నాయి. రోగికి అర్థమయ్యే భాషలో వివరం చెప్పాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అందులో 17 హక్కులున్నాయి. మీ రిపోర్టులు తీసుకుని మరో డాక్టరు అభిప్రాయం అడిగే హక్కు వాటిలో ఒకటి. ఆడమనిషిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన మరో స్త్రీ ఉండాలన్నది మరొకటి. బిల్లు కట్టలేదని రోగిని గానీ, చనిపోయిన మనిషి శవాన్ని గానీ ఆపకూడదన్నది ఇంకొకటి. కాబట్టి "సిస్టర్, ఇందులో ఏముందో తెలుగులో చెప్పండి, విని పెడతాను" అనడంలో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం లెక్క వేరు. ప్రమాదంలో స్పృహ తప్పిన మనిషి సంతకం కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాల్సిందేనని, పోలీసు కేసు తంతు ఆ తరువాతేనని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

పల్లెల్లో ఇంకో పాయ ఉంది. కడుపునొప్పి అనగానే ఊళ్లో ఆర్ఎంపీ వెంటబెట్టుకుని పట్నంలో తనకు తెలిసిన ఆసుపత్రికి తీసుకెళతాడు. ఆయన మీద మీకున్న నమ్మకం నిజమైనదే కావచ్చు. కానీ రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం నిషిద్ధం. అలా జరుగుతోందని అనుమానం వస్తే రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. వీటిని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఈ ఆపరేషన్లపై కన్నేసి ఉంచేందుకు జిల్లా, రాష్ట్ర స్థాయి కమిటీలు ఆ మార్గదర్శకాల్లో భాగం. మీ జిల్లాలో ఆ కమిటీ పనిచేస్తోందో లేదో జిల్లా వైద్యాధికారిని రాతపూర్వకంగా అడగవచ్చు.

ఆపరేషన్ అయ్యాక కాగితాల సంగతి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపేస్తారు. కేస్ షీట్, ఆపరేషన్ నోట్, సమ్మతి ఫారం, బయాప్సీ రిపోర్టు అడిగితే "అవి ఆసుపత్రివి" అంటారు. అదే 2002 నియమావళి ప్రకారం, రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. నోటిమాటగా అడగకండి. తెల్లకాగితం మీద రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. తరువాత కేసు నిలబడేదీ పడిపోయేదీ చాలాసార్లు ఈ కాగితాల మీదే.

డాక్టర్ల వైపు మాట కూడా ఇంతే గట్టిగా చెప్పాలి. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో కాన్పు తరువాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. జనం ఆసుపత్రి ముందు గుమిగూడారు. పోలీసులు వైద్యం చేసిన డాక్టరమ్మ మీద హత్య కేసు పెట్టారు. మర్నాడు ఆమె ప్రాణం తీసుకుంది. కాన్పు తరువాత రక్తస్రావం ఎంత జాగ్రత్త పడ్డా వచ్చే ప్రమాదం. వైద్యం ఫలించకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని, పోలీసులు ముందుగా మరో నిష్పక్షపాత వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని, మామూలు కేసుల్లో లాగా అరెస్టు చేయకూడదని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. లాల్‌సోట్‌లో ఇది పాటించి ఉంటే ఆ రెండో ప్రాణమైనా నిలిచేదేమో. ఆసుపత్రి అద్దాలు పగలగొట్టినా, డ్యూటీ డాక్టరు మీద, నర్సు మీద చెయ్యి చేసుకున్నా మన రెండు రాష్ట్రాల్లో 2008 నాటి ప్రత్యేక చట్టం కింద అది బెయిలు లేని నేరం. పగిలిన వస్తువుల నష్టం కూడా కట్టాలి. పైగా అసలు నిర్లక్ష్యం జరిగి ఉంటే ఆ గొడవలో అది కాస్తా మరుగున పడిపోతుంది.

రోగి చేయాల్సిన న్యాయం ఇంకొకటి ఉంది. షుగరు మాత్రలు, నాటుమందులు, వెనకటి ఆపరేషన్లు దాచకుండా చెప్పాలి. దాచి, తరువాత వికటించిందని కేసు వేస్తే అది నిలబడటం కష్టం.

నిజంగా నిర్లక్ష్యమే జరిగిందనుకుంటే రెండు తలుపులున్నాయి. డాక్టరు వృత్తి ప్రవర్తన మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. హెచ్చరించే, రిజిస్ట్రేషన్ ఆపే అధికారం దానికుంది, డబ్బు ఇప్పించే అధికారం లేదు. పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టిన బిల్లు 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. బిల్లు అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. గడువు రెండేళ్లు.

డాక్టరు మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్పడు కదా అని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. అలాంటివారు హైదరాబాద్ కేసు ఒకటి తెలుసుకోవాలి. జ్వరంతో చేరిన ఒకామెకు మలేరియా ఉంటే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆమె చనిపోయింది. ఆమె భర్త మలేరియా విభాగంలోనే ఉద్యోగి. జిల్లా ఫోరం రెండు లక్షలు ఇవ్వమంటే పై కమిషన్లు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు రికార్డులోనే స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పింది.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1963లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరిచిపోయారు, ఆమె బతకలేదు. ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. సివిల్ కోర్టు ఉంది, హైకోర్టు ఉంది, మానవ హక్కుల కమిషన్ ఉంది.

ఖర్చుకు భయపడి ఆగిపోకండి. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. ఫోన్ నంబరు 15100.