ఊదితే తేలేది సగం సంగతే

ప్రశ్న: మా నాన్నగారు అరకు లోయ నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు విశాఖపట్నం వెళ్లి వస్తున్నారు. గొట్టంలోకి ఊదితే ఒంట్లో యూరియా ఎంతుందో చెప్పే పరికరాలు వస్తున్నాయని చదివాం. అలాంటిది ఇంట్లో ఉంటే, అంకె తక్కువ చూపించిన వారం ఒక ప్రయాణం మానుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అరకు లోయ

జవాబు: మానకండి. పరికరం వెనకున్న శాస్త్రం మాత్రం నిజమే. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో పేరుకున్న యూరియా లాలాజలంలోకీ చేరుతుంది. నోట్లోని బ్యాక్టీరియా దాన్ని విడగొడితే అమ్మోనియా పుడుతుంది. డయాలసిస్ సాగుతూ యూరియా దిగేకొద్దీ ఊపిరిలో అమ్మోనియా కూడా దిగుతుందని లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో చూపించారు. కాబట్టి ఒకే మనిషికి, ఒకే పూట, డయాలసిస్‌కు ముందూ తర్వాతా కొలిస్తే కనిపించే తేడాకు విలువ ఉంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి ప్రతిసారీ యూరియా కనీసం 65 శాతం తగ్గాలని వైద్యులు చూస్తారు. ఆ లెక్కకు ఇలాంటి పరికరం ఆసరా కాగలదు.

అయితే రెండు డయాలసిస్‌ల మధ్య ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా పొటాషియం, ఒంట్లో నిలిచే నీరు. పొటాషియం ఆవిరయ్యేది కాదు, ఊపిరిలో దొరకదు. పనస తొనలు తిని అది ఎంత పెరిగినా పరికరానికి తెలియదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా అమ్మోనియా అంకె ఆ సంగతి చెప్పదు. పైగా తిండి సయించక మనిషి చిక్కిపోతున్నప్పుడు కూడా యూరియా తగ్గుతుంది. అప్పుడు తక్కువ అంకె ధైర్యం ఇవ్వాల్సింది కాదు, వైద్యుడికి చెప్పాల్సింది.

ల్యాబులు దూరమైన కొండల్లో ఏదో ఒక కొలత ఉండటం మేలు కదా అంటారేమో. కానీ ఈ కొలత నిలకడైంది కాదు. నోరు పుక్కిలించినా అది మారుతుంది. అరకు చలిలో గొట్టం లోపల తేమ పడితే అమ్మోనియా ఆ నీటిలో కరిగి, అంకె ఉన్నదానికంటే తక్కువ రావచ్చు. ఆసుపత్రి ఘాట్ రోడ్డు దిగి నూరు కిలోమీటర్లకు పైగా ఉన్నచోట, తప్పుడు ధైర్యం కన్నా అంకె లేకపోవడమే నయం. సూది పోట్లు తప్పుతాయి కదా అన్న వాదన కూడా డయాలసిస్ రోగి విషయంలో బలమైంది కాదు. పరీక్షకు కావలసిన రక్తాన్ని సాధారణంగా డయాలసిస్ గొట్టం నుంచే తీస్తారు.

మీ అసలు కష్టం దూరం. దానికి జవాబు ఊపిరి పరికరంలో లేదు. కడుపులోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఒకటుంది. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ పథకం దానికి 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. శుభ్రమైన గది, ద్రవం సంచుల సరఫరా కుదిరితే నాన్నగారికి అది సరిపడుతుందేమో కిడ్నీ వైద్యుణ్ణి అడగండి. ఈలోగా ఒక బరువు తూచే మిషన్ కొనండి. రోజూ ఉదయం ఒకే వేళకు తూచి, డయాలసిస్ సెంటర్ వారు చెప్పిన డ్రై వెయిట్‌తో, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుతో, పోల్చి రాసుకోండి. బరువు చకచకా పెరిగినా, ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ నీరసించి గుండె దడ మొదలైనా తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.