మెంతులు, కాలేయము, రక్తమందలి చక్కెర

మధుమేహము పట్టణములలో కూర్చుండి పనిచేయువారి వ్యాధియని మన పెద్దలు తలంచెడివారు. ఇప్పుడది పొలముననుండువారినిగూడ విడుచుట లేదు. భారత వైద్య పరిశోధన మండలివారి యాదరమున జరిగిన పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వానినిబట్టి మన దేశమున పది కోట్లమందికి పైగా ఈ వ్యాధి కలదు. వ్యాధితోపాటు సలహాలును పెరిగినవి. ఒకరు మెంతులు తినుమందురు. ఒకరు పొడపత్రి నమలుమందురు. మరియొకరు నేరేడుగింజల పొడియో, కాకరరసమో పుచ్చుకొనుమందురు. వీనిలో కొంత నిజము కలదు. అయినను, మొక్కయందలి పదార్థము దేహములో ఏచోట పనిచేయుచున్నదో తెలియక వాడినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున సంఘసభ్యులకు ఈ విషయమును క్రమముగా విన్నవించుచున్నాను.

కాలేయము గాదెవంటిది

మనము తిన్న అన్నము ప్రేవులలో జీర్ణమై, గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. అప్పుడు క్లోమగ్రంథినుండి ఇన్సులిన్ అను రసము వెలువడును. దాని ప్రేరణచే కండరములును, కాలేయమును చక్కెరను గ్రహించును. కాలేయము తనకు చేరిన చక్కెరను గ్లైకోజెన్ అను పదార్థముగా కూర్చి దాచియుంచును. ఫ్రాన్సు దేశీయుడగు క్లాడ్ బెర్నార్డు అను శాస్త్రజ్ఞుడు 1857లో ఈ పదార్థమును కాలేయమునుండి వేరుచేసి చూపెను.

పెద్దవాని కాలేయములో నిలువయుండు గ్లైకోజెన్ సుమారు 100 గ్రాములు. మెదడొక్కటియే దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వ్యయపరచును. కావున రాత్రి మనము నిద్రించుచుండగా కాలేయము గాదె తెరచి, కొలతప్రకారము రక్తమునకు చక్కెర నందించుచుండును. గాదె తరుగుచున్నకొలదిని, కండరములనుండియు క్రొవ్వునుండియు వచ్చు ఇతర పదార్థములతో క్రొత్త చక్కెరను తయారుచేయును. క్రొవ్వును దహించుటచే లభించు శక్తియే ఈ పనికి ఆధారము.

మధుమేహరోగులలో ఎక్కువమందికి కాలేయము ఇన్సులిన్ మాట సరిగా వినదు. రక్తములో చక్కెర నిండియున్నను గాదె తలుపు మూయదు. "రాత్రి నేనేమియు తినలేదు, తెల్లవారునప్పటికి చక్కెర ఏల హెచ్చెను?" అని పలువురు అడుగుదురు. ఆ చక్కెర కాలేయమునుండి వచ్చినదే. పరగడుపున చూచినపుడు డెసిలీటరు రక్తమునకు 100 మిల్లీగ్రాములకు లోబడియుండుట ఆరోగ్యలక్షణము. 126గాని, అంతకు మించిగాని ఉన్నట్లు మరల చూచినను తేలినచో మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు.

మెంతుల పని

మెంతులు మనకు పరాయివి కావు. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనక్షేత్రమునుండి లాం సెలక్షన్-1 మొదలగు మెంతి రకములు వెలువడినవి. మెంతిగింజలో ఇంచుమించు సగము పీచుపదార్థము. నానబెట్టినపుడు పైకి వచ్చు జిగురు దానిలోనిదే. ఈ జిగురు ప్రేవులలో అన్నముతో కలిసి, చక్కెర రక్తములోనికి చేరు వేగమును తగ్గించును. అదిగాక, క్లోమమును ఇన్సులిన్ విడుచుటకు ప్రేరేపించు ఒక విశేష పదార్థమును శాస్త్రజ్ఞులు మెంతులలో కనుగొనిరి.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శర్మ, రఘురామ్, రావు అను శాస్త్రజ్ఞులు ఇన్సులిన్ అవసరమగు రోగులకు దినమునకు 100 గ్రాముల మెంతిపిండిని, నూనె తీసి, రెండు భాగములుగ ఆహారములో కలిపి 10 దినములు పెట్టిరి. రోగుల మూత్రములో పోవు చక్కెర నూటికి 54 వంతులు తగ్గినట్లు 1990లో ప్రకటించిరి. పరగడుపు చక్కెరయు తగ్గెను. ఢిల్లీయందలి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమువారు మధుమేహము కల్పించిన ఎలుకలకు మెంతిపొడి పెట్టి, వాని కాలేయమును పరీక్షించిరి. చక్కెరను తయారుచేయు కిణ్వములు అణగి, చక్కెరను వాడుకొను కిణ్వములు కోలుకొన్నట్లు 2001లో తెలిపిరి. ఎలుకలలో కనబడినదెల్ల మనుష్యులలోను అట్లే జరుగునని చెప్పరాదు. పైని చెప్పిన ప్రయోగములు గింజతో జరిగినవనియు, మన యిసుకమళ్లలో పెంచు మెంతికూర మంచి ఆహారమేయైనను దానికి ఆ ఫలితమును అంటగట్టరాదనియు గుర్తింపవలెను.

మందైన మొక్క, విషమైన పండు

మొక్కయందలి పదార్థము కాలేయముపై ఎంత బలముగా పనిచేయగలదో రెండు నిదర్శనములు చెప్పెదను.

ఐరోపాలో గాలెగా అను మొక్క కలదు. అదియు మెంతివలె చిక్కుడు కుటుంబమునకు చెందినదే. దానిని మేసిన గొర్రెలు చచ్చుట కలదు. దానియందలి పదార్థమును శోధించుచు పోగా, దానికి దగ్గరి సంబంధముగల మెట్‌ఫార్మిన్ అను మందు ఏర్పడెను. దీనిని 1957లో ఫ్రాన్సునందు జీన్ స్టెర్న్ అను వైద్యుడు మధుమేహమునకు వాడి ఫలితములు ప్రకటించెను. కాలేయము అధికముగా చక్కెర విడుచుటను ఇది తగ్గించును. నేడు మన ఊరి ఆరోగ్యకేంద్రములో ఇచ్చు మాత్రలలో ఇది ముఖ్యమైనది. గొర్రెను చంపిన మొక్కనుండి మందు వచ్చినది. శోధించి, కొలత నిర్ణయించిన తరువాతనే వచ్చినది.

రెండవది బీహారులోని ముజఫర్‌పూరు సంగతి. అచట లిచీపండ్ల కాలమున పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో పడిపోయి మరణించుచుండిరి. 2014లో రెండు ఆసుపత్రులలో చేరిన 390 మందిలో 122 మంది చనిపోయిరి. భారత, అమెరికా శాస్త్రజ్ఞులు విచారించి 2017లో కారణము ప్రకటించిరి. లిచీపండులోని ఒకానొక విషపదార్థము క్రొవ్వు దహనమును అడ్డగించును. అందుచే కాలేయము క్రొత్త చక్కెరను తయారుచేయజాలదు. రాత్రి అన్నము తినక నిద్రించిన పిల్లలకు గాదె ముందే ఖాళీ; అట్టివారికే అపాయము హెచ్చెను. రాత్రి భోజనము పెట్టుటయే ముఖ్యమైన రక్షణోపాయముగా తేలినది.

పేరాల, బాపట్ల తీరపు రైతులకు దొరువు సంగతి చెప్పనక్కరలేదు. మంచినీరు పైపొరగా నిలుచును; మితిమీరి తోడినచో అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చును. రక్తములోని చక్కెరను దించుటకును హద్దు కలదు. 70కి దిగువకు పోయినచో అది వేరొక అపాయము.

రైతులు పాటింపవలసినవి

1. వైద్యుడిచ్చిన మాత్రగాని, ఇన్సులిన్ గాని ఆకును, గింజను నమ్మి మానవలదు. చిన్నతనముననే మధుమేహము వచ్చి ఇన్సులినుపై ఆధారపడినవారు దానిని మానినచో కొలదిదినములలోనే ప్రాణాపాయము కలుగును.

2. మందుతోపాటు మెంతిపొడిని అధికముగా తినదలచినవారు ముందు వైద్యునితో చెప్పవలెను. రెండును కలిసి చక్కెరను మితిమీరి దింపవచ్చును. గర్భిణులును, రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారును పెద్దమోతాదు పుచ్చుకొనరాదు. వంటలో వేసికొను మెంతులకు ఈ నిషేధము లేదు.

3. మందు వేసికొని, ఏమియు తినక పొలమునకు పోవలదు. చెమట, వణకు, గుండెదడ, మాట తడబడుట కనబడినచో మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపుడు. పావుగంటలో తేరుకొననిచో మరల ఇయ్యవలెను. స్పృహ లేనివాని నోటిలో ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.

4. పేరు తెలియని తీగను మందుగా తినవలదు. తిప్పతీగ సేవించిన ఆరుగురికి కాలేయము చెడినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. వారు తిన్నది నిజమైన తిప్పతీగయో, దానిని పోలిన వేరొక తీగయో అను వివాదము పిమ్మట పుట్టెను. ఆ వివాదమే మనకు చాలినంత హెచ్చరిక.

5. సంఘముల ద్వారా మెంతులు విక్రయించువారు రాళ్లు, మట్టి లేకుండ శుభ్రపరచి ఆహారధాన్యముగనే అమ్మవలెను. మధుమేహమును కుదుర్చునని పొట్లముపై అచ్చువేయించుట 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టమునకు విరుద్ధము. ఆ మాట నమ్మి ఒకడు మందు మానినచో, ఆ పాపము సంఘమునకును చుట్టుకొనును.

మెంతులను తినుడు, పండింపుడు, నాణ్యమైన సరుకుగా అమ్ముడు. చక్కెర వ్యాధి ఉన్నవారు మూడు మాసములకొకమారైనను రక్తపరీక్ష చేయించుకొని, ఆ చీటిని భద్రపరచి వైద్యునకు చూపుడు. తినుచున్నది మేలుచేయుచున్నదో లేదో ఆ చీటియే చెప్పును.